అసలు సైటు ఏ ఫోల్డర్లో ఉంది?

ఆదివారం, రాత్రి 10:40

పొద్దున కాఫీ తాగి కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు లేచాను. మా ఊరి గ్రంథాలయం వెబ్‌సైటు నడిచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద, దాన్ని 7.4 వెర్షన్ నుంచి 8.2కి మార్చాలి. మార్చడం ఇంకా కాలేదు. రోజంతా ఫైళ్లు సర్దడానికే సరిపోయింది. అయినా నాలుగు రోజులుగా ఉన్న టెన్షన్ తగ్గింది.

సైటును తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ వాళ్ల మెయిల్ బుధవారం వచ్చింది. నెలాఖరుకు 7.4 తీసేస్తారట. వాళ్లను అనడానికేమీ లేదు. 7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరుతోనే ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా నడవనిచ్చారంటే మంచితనమే. నేనే ముందు చూసుకోవాల్సింది.

ఈ సైటులో తొమ్మిది వేల పైచిలుకు పుస్తకాల వివరాలున్నాయి. పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, ఏ బీరువాలో ఏ అరలో ఉందో. తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఇద్దరు డిగ్రీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని మూడు వేసవులు టైపు చేయించారు. చెదలు తిన్న పుస్తకాల అట్టలు కూడా ఫొటో తీయించారు. వాటిలో కొన్ని పుస్తకాలు ఇప్పుడు లేవు, ఫొటోలే మిగిలాయి. అందుకే ఈ సైటు మీద చెయ్యి వేయాలంటే నాకు భయం.

ల్యాప్‌టాప్ తెరిస్తే నాలుగు ఫోల్డర్లు కనిపించాయి. సైట్, సైట్ న్యూ, సైట్ న్యూ 2, సైట్ ఫైనల్. 2019లో 5.6 నుంచి 7లోకి వచ్చినప్పుడు పుట్టినవి ఇవి. మైఎస్‌క్యూఎల్ (పుస్తకాల వివరాలు దాచే డేటాబేసు) అన్న పేరుతో మొదలయ్యే పాత ఫంక్షన్లన్నీ 7లో తీసేశారు కదా, డేటాబేసును పలకరించే ప్రతి పేజీ మార్చాల్సి వచ్చింది. మార్పు చేసే ముందల్లా ఫోల్డరు మొత్తం కాపీ చేసి పేరు మార్చి పెట్టుకున్నాను. అప్పట్లో అదే జాగ్రత్త అనుకున్నాను. ఇప్పుడు వాటిలో ఏది సర్వర్‌లో నడుస్తోందో తెలియదు.

తేదీలు చూద్దామంటే కుదరలేదు. ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రాంతో సర్వర్‌లోంచి దింపుకున్న ఫైళ్ల మీద దింపుకున్న రోజు తేదీయే పడుతుంది, సెట్టింగ్ మార్చుకుంటే తప్ప. నేను మార్చుకోలేదు. అందుకని సర్వర్‌లో ఉన్నదంతా మళ్లీ కొత్తగా దింపాను. ఫోల్డర్ల మధ్య తేడాలు చూపే విన్‌మెర్జ్‌లో ఒక పక్క అది, ఇంకో పక్క నాలుగు ఫోల్డర్లూ ఒక్కొక్కటే పెట్టి పోల్చాను.

నాలుగిట్లో ఏదీ సరిపోలేదు. దగ్గరగా ఉన్నది సైట్ న్యూ 2, ఏడు ఫైళ్లే తేడా. సైట్ ఫైనల్ అయితే చాలా దూరం. ఆ ఏడింట్లో మూడు నేను ఎప్పుడో తొందరలో సర్వర్ మీదే నేరుగా దిద్దినవి. ఒకటి, రచయితను ఇంటిపేరుతో వెతికినా అసలు పేరుతో వెతికినా దొరికేలా చేసిన మార్పు. దాని కోసం రెండు రాత్రులు కూర్చున్నాను. పేరు చూసి ఫైనల్ నుంచి పని మొదలుపెట్టి ఉంటే అది పోయేది. పోయిందని కూడా వెంటనే తెలిసేది కాదు.

అక్కడే నిర్ణయం తీసుకున్నాను. సర్వర్‌లో ఉన్నదే అసలు సైటు. దాన్నే గిట్‌లో, అంటే కోడ్‌లో ప్రతి మార్పునూ దాచిపెట్టే ప్రోగ్రాంలో, మొదటి కమిట్‌గా (భద్రపరిచిన ప్రతిగా) పెట్టి, 74-లైవ్ అని ట్యాగ్ వేశాను. దాని మీద ఇంక చెయ్యి పడదు. 8.2 మార్పుల కోసం అందులోనే వేరే బ్రాంచి, అంటే పక్క దారి, తీశాను. నాలుగు పాత ఫోల్డర్లూ జిప్ చేసి పాతవి అన్న ఫోల్డర్లో పెట్టాను, కొత్తది ఒక నెల సరిగ్గా నడిచేదాకా తీసేయను.

"ఒరే, అన్నం చల్లారిపోతోందిరా" అని అమ్మ రెండోసారి పిలిచింది. తిని వచ్చాను. వంకాయ కూర.

మధ్యాహ్నం చేసిన పని నాకు బాగా నచ్చింది. వెర్షన్ మారితే మారేవేమిటి, మారనివేమిటి అని విడదీశాను. ఇన్నేళ్లూ అంతా ఒకే ఫోల్డర్లో ఉండేది. అట్టల ఫొటోలు ఒక్కటే నాలుగు జీబీ పైన. అవి 7.4లోనైనా 8.2లోనైనా అవే. వాటిని ప్రతి కాపీలోనూ మోస్తూ వచ్చాను. ఇప్పుడు ఫొటోలు బయట ఒక్క చోట ఉన్నాయి, గిట్‌లోకి రావు. డేటాబేసు పేరూ పాస్‌వర్డూ ఉన్న సెట్టింగ్స్ ఫైలును కోడ్‌లోంచి తీసి పక్కన పెట్టాను. డేటాబేసు బ్యాకప్‌లకు తేదీతో పాటు అవి ఏ సర్వర్‌లోంచి తీసినవో కూడా పేరులోనే రాశాను. ఇంత చేశాక అసలు కోడ్ చూస్తే మూడు ఎంబీ కూడా లేదు. ఇంత చిన్నదాని చుట్టూనా నేను ఇన్నాళ్లూ భయపడింది అనిపించింది.

మెయిల్ పంపడానికి వాడే పీహెచ్‌పీమెయిలర్ దగ్గర ఒక చిక్కు దొరికింది. దాని 5వ వెర్షన్లో ఉన్న ఫైళ్ల పేర్లు, చోటు 6లో మారిపోయాయి. నేను అప్పట్లో కొత్తదాన్ని పాత ఫోల్డరు మీదే కాపీ చేశాను. పేర్లు వేరు కాబట్టి పాతవి చెరిగిపోలేదు, రెండూ ఉండిపోయాయి. కొన్ని పేజీలు కొత్తదాన్ని, కొన్ని పాతదాన్ని పిలుస్తున్నాయి. మా ఇంట్లో పాత ఆవకాయ ఉన్న జాడీలో కొత్తావకాయ కలపరు. జాడీ ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టాకే కొత్తది పెడతారు. పీహెచ్‌పీమెయిలర్ లాంటి కోడ్ లైబ్రరీలకూ అంతే చేయాలి, ఫోల్డరు పూర్తిగా తీసేసి కొత్తది పెట్టాలి.

తర్వాత ల్యాప్‌టాప్‌లోనే సైటు నడిపి చూడటానికి రెండు జాంప్‌లు (పీహెచ్‌పీ, డేటాబేసు కలిసి వచ్చే ప్యాకేజీ) పెట్టుకున్నాను, 7.4ది ఒక ఫోల్డర్లో, 8.2ది ఇంకో ఫోల్డర్లో. రెండూ ఒకేసారి నడిచేలా మొదటిది 80 పోర్టులో, రెండోది 8080లో. డేటాబేసు మాత్రం ఒక్కటే నడిపి రెండిటికీ అదే ఇచ్చాను. ఒకే పేజీని రెండు ట్యాబుల్లో తెరిచి పక్కపక్కన చూడొచ్చు.

సర్వర్ బ్యాకప్‌ను ఎక్కించబోతే ముందు కొలేషన్ (అక్షరాల్ని పోల్చి వరసలో పెట్టే పద్ధతి) తెలియదని ఆగిపోయింది. సర్వర్‌లో ఉన్నది మైఎస్‌క్యూఎల్ 8, జాంప్‌తో వచ్చేది దాని లాంటిదే అయిన మరియాడీబీ. మైఎస్‌క్యూఎల్ 8లో కొత్తగా వచ్చిన 0900 కొలేషన్ ఈ పాత మరియాడీబీకి తెలియదు. బ్యాకప్ కాపీలో ఆ పేరు మార్చి మళ్లీ ఎక్కించాను. ఈసారి ఎక్కింది కానీ, తెలుగు లేదు. తొమ్మిది వేల పుస్తకాల పేర్లూ పిచ్చి గీతలు. గుండె ఒక్క క్షణం ఆగినట్టయింది.

గీతల్ని కాసేపు చూస్తే ఒక వరస కనిపించింది. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, ఈసారి ప్లస్ మైనస్ గుర్తు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదానికీ మూడు బైట్లు. వాటిని విడివిడిగా చదివితే అచ్చులూ హల్లులూ డిగ్రీ గుర్తుతో వస్తాయి, కొమ్మూ పొల్లూ లాంటివి ప్లస్ మైనస్‌తో వస్తాయి. అంటే మాస్టారు టైపు చేయించిన అక్షరాలు చెక్కుచెదరలేదు, చదివేవాడు తప్పుగా చదువుతున్నాడు, అంతే. ఎక్కించేటప్పుడు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేసులో పూర్తి యూటీఎఫ్-8 పేరు అదే) అని చెప్పి మళ్లీ చేస్తే పేర్లన్నీ తిరిగి వచ్చాయి. మొదటి పేజీలో వరసగా కనిపించిన ఆ పేర్లను ఒక్కొక్కటే పైకి చదివాను.

8.2 ట్యాబులో రెండు పేజీలు ఆగిపోయాయి. ఈచ్ అన్న ఫంక్షన్ 8.0 నుంచి లేదు, దాని బదులు ఫర్‌ఈచ్ రాస్తే అయిపోయింది. జాబితా బదులు ఏమీ లేని నల్‌ను లెక్కపెట్టబోయిన చోట 7.4 హెచ్చరికతో వదిలేసేది, 8లో అక్కడే ఆపేస్తుంది. అదీ దిద్దాను.

మూడోది మాత్రం చాలాసేపు అర్థం కాలేదు. కథలు అన్న విభాగం నొక్కితే 7.4లో మొత్తం పుస్తకాలు వస్తున్నాయి, 8.2లో కొన్నే వస్తున్నాయి. పుస్తకాలు పోయాయనుకుని కంగారుపడ్డాను. డేటాబేసులో లెక్కపెడితే అన్నీ ఉన్నాయి. కోడ్‌లో, విభాగం సున్నాకు సమానమైతే అన్నీ చూపించు అని రాసుంది. 7.4లో అంకె కాని ఏ మాటనైనా సున్నాతో పోలిస్తే సమానమే అనేది. కథలు సున్నా, కవిత్వం సున్నా, నాటకాలూ సున్నా. 8.0లో ఆ పోలిక సరిచేశారు. అంటే తప్పుగా నడుస్తున్నది పాతదే, కొత్తది సరిగ్గా చూపిస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట మాస్టారు ఫోన్ చేసి, "కథలు నొక్కినా అన్నీ వస్తున్నాయి నాయనా" అన్నారు. టైపు చేసినప్పుడు విభాగాలు సరిగ్గా వేయలేదేమోనండి అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ పిల్లలిద్దరూ వేసినవి సరిగ్గానే ఉన్నాయి.

ఎనిమిదింటికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, విభాగాల సంగతి మీరు చెప్పిందే నిజమండి. తప్పు కోడ్‌లో ఉంది, ఇవాళ దొరికింది."

"దొరికిందా! మరి నాటకాలు విడిగా వస్తాయా ఇప్పుడు?"

"వస్తాయండి. వచ్చే ఆదివారానికి సైటులో చూడొచ్చు."

"సరే నాయనా. నాటకాల్లో పద్దెనిమిది పుస్తకాలకు అట్ట ఫొటోలు లేవు. తీయించి ఉంచుతాను, ఎక్కిద్దువుగాని."

ఫొటోలు ఇప్పుడు ఒకే చోట ఉన్నాయి కాబట్టి ఒక్కసారి ఎక్కిస్తే చాలు. ఇంకా పేర్లు కత్తిరించే పేజీ ఒకటి చూడాలి. జాబితాలో పొడవు పేర్లను బైట్లు లెక్కపెట్టి కోస్తోంది, స్త్రీ అన్న ఒక్క అక్షరానికే పద్దెనిమిది బైట్లు. కొన్ని పేర్ల చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ వస్తోంది. రేపు ఆఫీసు నుంచి వచ్చాక చూస్తాను. ఇప్పుడు ఇదంతా హార్డ్‌డిస్కులోకి కాపీ అవుతోంది, ఇంకా పదకొండు నిమిషాలు చూపిస్తోంది.