నాయినతో ముంబైకి

శంషాబాద్ నుంచి ముంబైకి విమానం గంటన్నరలో పోతుంది. టికెట్లు తీసిన రోజు ఇంట్లో అందరూ ఆ గంటన్నర గురించే మాట్లాడారు. నా టెన్షన్ మిగతా గంటల గురించి. నారాయణపేటలో మా గడప దాటినప్పటి నుంచి కళ్యాణ్‌లో అక్కవాళ్ల మెట్లెక్కేదాకా చూస్తే పగలంతా దారిలోనే. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత నాయినకు మూత్రం ఆగడం లేదు. డైపర్ లెక్క విమానం ఎక్కాక మొదలవదు, ఇంట్లో కట్టిన నిమిషం నుంచే నడుస్తుంది.

నిజానికి ముంబై దారి నాయినకు కొట్టిన పిండి. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి బస్సెక్కి పోయిన వేలమందిలో ఆయనొకడు. అట్లాంటి మనిషి మనవరాలి పెళ్లికి మాత్రం రానని కూర్చున్నాడు. "నలుగుట్ల ఇజ్జత్ పోతదిరా, మీరు పోయి రాండ్రి" అన్నాడు. అక్క ఫోన్లో ఏడిస్తే గానీ మెత్తబడలేదు.

మెడికల్ షాపు అబ్బాయి ఎక్స్‌ట్రా లార్జ్ ప్యాకెట్ చేతిలో పెట్టాడు, ఎక్కువ పీల్చుకుంటుందని. చాలామంది నమ్మకం అదే. తొడ దగ్గర సందు మిగిలితే ఎంత ఖరీదైన డైపరైనా పక్కనుంచి కారుతుంది. ప్యాకెట్ మీద నడుము కొలత రాసి ఉంటుంది. నాయిన నడుముకు టేపు పెట్టి చూస్తే మీడియం సరిపోయింది. రకం కూడా చూసుకోవాలి. చెడ్డీలాగా తొడిగేది ఇంట్లో బాగానే ఉంటుంది కానీ, మార్చాలంటే ప్యాంటు, చెప్పులు అన్నీ విప్పాలి. ప్రయాణానికి పక్కన స్టిక్కర్లు ఉండేవి తీసుకున్నాను.

డైపర్లకు బరువుండదు, జాగా మాత్రం మింగేస్తాయి. కొన్ని పెద్ద సూట్‌కేసులో వేసినా, దారికి కావలసినవి, ఇంకో పూట ఆలస్యమైతే పనికొచ్చేవి చేతి సంచీలోనే ఉంచాను. ఒక్కో కవర్లో ఒక డైపర్, కొన్ని తడి వైప్స్, గ్లౌజులు, పాతది చుట్టి పడేయడానికి నల్ల కవరు. టాయిలెట్‌కు సంచీ మొత్తం మోయక్కర్లేదు, ఒక్క కవరు జేబులో పెట్టుకుంటే చాలు. డైపర్లు విమానంలోకి తీసుకెళ్లడానికి ఏ అడ్డూ లేదు. విదేశాలకైతే చేతి సంచీలో క్రీములు, ద్రవాల డబ్బా ఒక్కోటి 100 మిల్లీలీటర్లు దాటకూడదు. మేం పోయేది ముంబైకే అయినా చిన్న ట్యూబే పెట్టుకున్నాను.

దేవరకద్ర, మహబూబ్‌నగర్, జడ్చర్ల దాటి 44వ నంబరు హైవే ఎక్కాం. 2008లో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారడం మా పాలమూరోళ్లకు కలిసొచ్చింది, సిటీ ట్రాఫిక్‌లో దూరే పనిలేదు. షాద్‌నగర్ దగ్గర గమనించాను, నాయిన పొద్దున్నుంచి నీళ్లు ముట్టలేదు. తాగకపోతే రాదని ఆయన లెక్క. అప్పుడు మూత్రం చిక్కబడి మంట, వాసన రెండూ ఎక్కువవుతాయి, పైగా విమానంలో గాలి పొడిగా ఉంటుంది. చాయ్ వద్దన్నాను, నీళ్లు గుక్కగుక్కగా తాగించాను.

వీల్‌చెయిర్ కావాలంటే కనీసం 48 గంటల ముందు చెప్పమంటారు. మేం టికెట్‌తోనే అడిగాం. సెక్యూరిటీ దగ్గర జవాను చెయ్యి వెయ్యకముందే పక్కకు వంగి హిందీలో మెల్లగా విషయం చెప్పాను. ఆయన ఒక్క మాట అడగలేదు. "ఆయియే బాబూజీ" అంటూ కర్టెన్ వెనక్కి తీసుకెళ్లి రెండు నిమిషాల్లో పంపించాడు. నాయిన బయటికొస్తూ మీసం సర్దుకున్నాడు.

విమానంలో టాయిలెట్ ఒక మనిషికే ఇరుకు. అందుకని గేటు దగ్గర వీల్‌చెయిర్ బొమ్మ ఉన్న టాయిలెట్లోనే మార్చాను. పడుకోబెట్టే చోటు అక్కడా ఉండదు, నిలబెట్టే చెయ్యాలి. నాయిన రెండు చేతులతో గోడకున్న కడ్డీ పట్టుకున్నాడు. నేను వెనక భాగం నడుముకు ఆనించి, "జర ఎనుకకు ఒరుగు నాయినా" అని ఆయన వీపుతో గోడకు నొక్కిపెట్టించి, ముందు భాగం కాళ్ల మధ్య నుంచి లాగాను. స్టిక్కర్లు కింద రెండూ పైకి వంచి, పైన రెండూ కిందికి వంచి అంటించాలి, అప్పుడే తొడ దగ్గర పట్టు దొరుకుతుంది. "గోడకు సిమెంటు పూసినట్లు పూస్తున్నవేందిరా" అన్నాడు. ఆ రోజు ఆయన వేసిన మొదటి జోకు అది.

వీల్‌చెయిర్ వాళ్లను అందరికంటే ముందు ఎక్కిస్తారు, అందరూ దిగాక దింపుతారు. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. గంటన్నర విమానంలో మేం కూర్చున్నది రెండున్నర గంటలకు దగ్గర. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు లేవనివ్వరు కూడా. ముంబైలో బెల్టు మీదికి సామాను రాకముందే ఇంకోసారి మార్చేశాను. కళ్యాణ్ ట్రాఫిక్‌ను నమ్మి కారెక్కే ధైర్యం నాకు లేదు.

పెళ్లిలో నాయిన పాత మేస్త్రీ దోస్తు ఒకాయన ఎదురయ్యాడు, భివండీ నుంచి వచ్చాడట. ఆయనదీ ఇదే బాధ. "అంత దూరం ఎట్లొచ్చినవ్?" అని చెవిలో అడిగాడు.

"కట్టుకొని వచ్చిన. నువ్వు గూడ కట్టుకో" అన్నాడు నాయిన, సన్నాయి వాయిస్తున్నా పక్క వరసకు వినబడేంత గట్టిగా.

భోజనాలప్పుడు ఆ దోస్తు కొడుకు నా పక్కన కూర్చుని, సైజు ఎట్లా చూడాలని అడిగాడు.