ఆదివారం చుట్టల కొట్టు దగ్గర

పర్లాకిమిడిలో మా వీధి చివర ఒక చుట్టల కొట్టు ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే నా కాళ్లు అటే పోతాయి. నేను పొగ తాగను, అక్కడి మనుషుల కోసం వెళ్తాను.

కొట్టు మావయ్య చుట్టలు చుడుతూనే అందరి మాటా వింటాడు. రిటైరైన మాస్టారు, ఆటో నడిపే బావ, పాతపట్నం నుంచి సైకిల్ మీద వచ్చే తాత. 1936లో మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. మా కబుర్లు మాత్రం తెలుగులో మొదలై, ఒడియాలోకి వెళ్లి, మళ్లీ తెలుగులోకి వస్తాయి. తాత ఒకప్పుడు నౌపడా నుంచి మా ఊరికి నడిచిన చిన్న రైలు సంగతి ఎత్తితే ఎవరూ లేవరు. 1900 నాటి లైను అది.

మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. అప్పటినుంచి చుట్టలు కొనడానికి ముసలమ్మలు ఎవరొచ్చినా మావయ్య ఒక్క మాట అడుగుతాడు: "అంగిలి డాక్టర్‌కి చూపించుకున్నావా అమ్మా?" అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

పోయిన వారం తాత రాలేదు. మోకాళ్ల నొప్పులట. ఈ ఆదివారం బావ ఆటోలో మేమే పాతపట్నం వెళ్తున్నాం.