బుల్లెట్ హెడ్డు పోర్టులు సొంతంగా గీకాలా వద్దా: నా అనుభవం

మాది కొరాపుట్ జిల్లా జయపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. అమ్మమ్మగారి ఊరు సాలూరు పక్కన కాబట్టి నెలకి రెండు సార్లయినా సుంకి ఘాట్ దిగి ఎక్కాల్సిందే. నా బండి 1998 మోడల్ బుల్లెట్ 350. పాత ఇనుప సిలిండరు ఇంజిను, నాలుగు గేర్లు, గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. నాన్న కొన్న బండి. అందుకే దాని మీద చెయ్యి వేసే ముందు పది సార్లు ఆలోచిస్తాను.

రెండేళ్ల నుంచి ఘాట్‌లో పుల్లింగ్ తగ్గిపోయింది. మూడో గేరులో దర్జాగా ఎక్కే మలుపుల్లో రెండో గేరు వేస్తే గానీ కదలడం లేదు. వెనకాల లారీ హారన్ కొడుతుంటే, పక్కన లోయ, బండి గసపెడుతుంటే ఆ టెన్షన్ చెప్పలేను. అప్పుడే ఒక స్నేహితుడు హెడ్డు పోర్టింగ్ గురించి చెప్పాడు. సిలిండరు మీద మూతలా ఉండే హెడ్డులో గాలి వచ్చే దారి (ఇన్‌లెట్ పోర్టు), పొగ పోయే దారి (ఎగ్జాస్ట్ పోర్టు) గ్రైండరుతో పెద్దవి చేసి నున్నగా చేస్తే బండి కొత్తదానిలా లాగుతుందట. హ్యాండ్ గ్రైండర్ నా దగ్గర ఉంది. ఒక ఆదివారం సరిపోతుందనుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు కాగితం మీద లెక్క వేశాను. ఈ ఇంజిను బోరు, అంటే సిలిండరు వెడల్పు, 70 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90. మొత్తం 346 సీసీ. 3000 ఆర్‌పీఎం దగ్గర రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి సెకనుకి 25 సార్లు. పూర్తిగా నిండితే సెకనుకి ఎనిమిదిన్నర లీటర్లకి పైమాటే. ఇంత గాలి ఆ చిన్న కంత లోంచి, అదీ వంపు తిరిగి, దారిని మూసి తెరిచే వాల్వు అంచు చుట్టూ పోవాలి. దారి ఎంత పెద్దదైతే అంత మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

మా వీధి చివర షెడ్డు మేస్త్రీ దగ్గరికి వెళ్లి అడిగాను. నాన్న కాలం నుంచీ మా బండి చూస్తున్న మనిషి. ఆయన కాదనలేదు, ఔననలేదు. "ఏటి బాబూ, లోపల గోడ ఎంత మందం ఉందో తెలీకుండా గీకేస్తావా? ముందు తుక్కు హెడ్డు ఒకటి తెచ్చి నిలువునా కోసి చూడు" అన్నారు. నాకు దొరికిన సలహాల్లో ఇంతకన్నా విలువైనది లేదు.

పాత సామాన్ల కొట్టులో ఫిన్నులు విరిగిన బుల్లెట్ హెడ్డు ఒకటి 400 రూపాయలకి దొరికింది. వైసులో బిగించి హాక్‌సాతో కోయడం మొదలుపెట్టాను. సిలిండరు ఇనుపదైనా హెడ్డు అల్యూమినియందే. అది మెత్తన కదా, రంపం పళ్లలో ఇరుక్కుపోతుంది. కిరోసిన్ చుక్కలు వేస్తూ కోస్తే సాగింది. రెండు సాయంత్రాలు పట్టింది.

సగానికి విడిపోయిన ఆ హెడ్డుని దీపం కింద పెట్టుకుని చాలాసేపు చూశాను. కార్బరేటర్ వైపు నుంచి దారి తిన్నగా వచ్చి, వాల్వు దగ్గర కిందికి తిరుగుతుంది. పైన వాల్వు కాడ ఆడే గొట్టం, అంటే గైడు, ఉబ్బెత్తుగా దారిలోకి పొడుచుకు వచ్చి ఉంది. వాల్వు మూసుకున్నప్పుడు ఆనే సీటు రింగు అల్యూమినియంలో కూర్చున్న చోట, రింగుకీ పోత లోహానికీ మధ్య చిన్న మెట్టు. కింద లోపలి మలుపు ఉంది చూశారా, దాన్ని నేను అంతకుముందు పట్టించుకోనేలేదు. గాలికి అది అతి కష్టమైన చోటు. వేగంగా వచ్చే గాలి అక్కడ గోడని వదిలేసి నేరుగా ఎదుటి గోడకి కొట్టుకుంటుంది. ఆ మలుపు గుండ్రంగా ఉన్నంత వరకే గాలి దాన్ని అంటుకుని తిరుగుతుంది. పోర్టు పెద్దది చేద్దామనుకునేవాళ్లు ముందు గీకేది ఈ అడుగు భాగాన్నే, ఎందుకంటే గ్రైండరుకి బిగించే గీకుడు ముక్క, అంటే బర్, తేలిగ్గా తగిలేది అక్కడే. అక్కడ గీకితే మలుపు పదునెక్కి, దారి పెద్దదైనా గాలి తగ్గుతుంది. వెర్నియర్ పెట్టి చూస్తే నేను కోసిన చోట గోడ మందం ఒక దగ్గర మూడున్నర మిల్లీమీటర్లే. చెయ్యి కొంచెం ఎక్కువసేపు ఆగితే చిల్లు పడటానికి అదెంత!

ఆ ముక్కల మీదే అభ్యాసం చేశాను. అల్యూమినియానికి వెడల్పు పళ్ల కార్బైడ్ బర్ కావాలి, సన్న పళ్లది అయితే నిమిషంలో పూడుకుపోతుంది. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. మూడో రోజు బర్ ఎగిరి వాల్వు సీటు మీద పడింది. గోరంత గాటు. అదే నా సొంత హెడ్డు అయ్యుంటే ఆ సీటు మళ్లీ కోయించాలి, లేదా రింగే మార్చాలి. ఇది చదివి గ్రైండర్ పట్టుకోబోయేవాళ్లు కనీసం ఒక పాత వాల్వుని సీటు మీద కూర్చోబెట్టి పని చెయ్యండి. సీటు బతుకుతుంది.

పోర్టు పెద్దది చేస్తే ఇంకో నష్టం. కుళాయి గొట్టం చివర వేలు అడ్డం పెడితే నీళ్లు దూసుకుపోతాయి కదా. ఇరుకు దారిలో గాలికీ అలాంటి వేగమే వస్తుంది. పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి బయల్దేరినా ఇన్‌లెట్ వాల్వు వెంటనే మూసుకోదు. ఆ కాస్త సమయంలో గాలి తన ఊపు మీద తాను లోపలికి వస్తూనే ఉంటుంది. దారి వెడల్పు చేస్తే తక్కువ ఆర్‌పీఎంలో ఆ ఊపు పోతుంది. బుల్లెట్ అంటేనే కింది గేర్లలో, తక్కువ చుట్లలో లాగే బండి. ఘాట్ ఎక్కడానికి నాకు కావాల్సిందీ అదే. రేసు బండికి పనికొచ్చే పని నా బండికి చేటు చేసేదన్న మాట.

అప్పుడు నా సొంత హెడ్డు ఊడదీశాను. గ్రైండర్ పక్కన పెట్టి ముందు ఒక పరీక్ష చేశాను. వాల్వులు బిగించే ఉంచి, హెడ్డుని పక్కకి తిప్పి, పోర్టులో కిరోసిన్ పోసి ఆగాలి. వాల్వు సరిగ్గా కూర్చుంటే దహన గదిలోకి చుక్క రాకూడదు. ఇన్‌లెట్ వైపు కాస్త తడి తప్ప ఏమీ లేదు. ఎగ్జాస్ట్ వైపు పోయగానే వాల్వు అంచు చుట్టూ సన్నటి గీతలా తడి కనిపించి, ఒక్కో చుక్కా జారింది. అరగంటలో మొత్తం ఖాళీ. వాల్వుని పైకెత్తి పక్కలకి కదిపితే గైడులో లొడలొడ. రెండేళ్లుగా నా కంప్రెషన్ ఆ సందులోంచి పోతోంది. నేనేమో పోర్టు చిన్నదైందని అనుకుంటున్నాను!

గైడు మార్చడం ఇంటి పని కాదు. హెడ్డుని వేడిచేసి పాతది తీసి, కొత్తది కొట్టి, దాని లోపలి కంతని సరైన కొలతకి రీమ్ చెయ్యాలి. గైడు మారితే వాల్వు సెంటర్ ఏ కాస్తయినా మారుతుంది కాబట్టి సీటు మళ్లీ కోయాలి. అది లేత్ షాపు వాళ్లకే ఇచ్చాను. మధ్యలో 45 డిగ్రీలు, పైన 30, కింద 60, మూడు కోణాల్లో కోయించాను. గాలి వాల్వు దగ్గర వంపు తిరిగేటప్పుడు ఈ మూడు కోణాలూ చేసే మేలు, ఇంట్లో గంటలకొద్దీ చేసిన పాలిష్ చెయ్యలేదు.

వాల్వునీ సీటునీ ఒకదానికొకటి అరగదీసి కలిపే ల్యాపింగ్ మాత్రం నేనే చేశాను. రబ్బరు కప్పున్న కర్రని వాల్వుకి అంటించి, గరుకు పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా అటూ ఇటూ తిప్పాలి. మొదట గరగరమని గట్టిగా శబ్దం వస్తుంది. పేస్టు అరిగేకొద్దీ మెత్తబడి, చివరికి జారుతున్నట్టు ఉంటుంది. తుడిచి చూస్తే వాల్వు చుట్టూ తెగకుండా ఒకే వెడల్పున బూడిద రంగు ఉంగరం. ఆ ఉంగరం చూసినప్పుడు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. మళ్లీ కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి కింద కాగితం పొడిగానే ఉంది.

పోర్టుల్లో నేను చేసింది చాలా తక్కువ. సీటు కింద ఆ చిన్న మెట్టుని చేత్తో, ఎమరీ చుట్టిన పుల్లతో కలిపేశాను. పోత గీతలు తీసేశాను. ఇన్‌లెట్ ప్యాకింగ్ దారిలోకి పొడుచుకు వస్తోంది, దాన్ని కత్తిరించి సరిచేశాను. లోపలి మలుపుని ముట్టుకోలేదు. ఇన్‌లెట్‌ని అద్దంలా చెయ్యలేదు, 80 నంబరు ఎమరీతో వదిలేశాను. కార్బరేటర్ బండిలో గోడ మరీ నున్నగా ఉంటే పెట్రోలు చుక్కలు దానికి అంటుకుని కారతాయి. ఎగ్జాస్ట్ మాత్రం నున్నగా చేశాను, మసి తక్కువ పడుతుందని. తర్వాత సబ్బునీళ్లతో, బ్రష్షుతో, గాలి కొట్టి మూడు సార్లు కడిగాను. ఒక్క రేణువు మిగిలినా సిలిండరు గీరుకుపోతుంది.

బిగించాక, ఇంజిను చల్లగా ఉండగానే వాల్వుల్ని తెరిపించే పుష్‌రాడ్లు సరిచేశాను. వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. పోర్టింగ్ చేస్తే కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే కంత, అంటే జెట్టు, పెంచాలంటారు, నేను పెంచలేదు. ఘాట్ ఎక్కాక దారిలో వచ్చే కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సముద్రతీరం కన్నా దాదాపు 8 శాతం పల్చన. ఉన్న జెట్టుకే పెట్రోలు, గాలి మిశ్రమం చిక్కబడుతుంది.

ఆ శనివారం సాలూరు నుంచి పైకి బయల్దేరాను. గాలి పల్చబడినందుకు తగ్గే బలం ఎలాగూ తగ్గుతుంది, దానికి ఏ పోర్టూ మందు కాదు. కానీ ఆ మలుపులన్నీ మూడో గేరులోనే ఎక్కింది. పొట్టంగి దాటాక టీ కొట్టు దగ్గర ఆపి, చల్లారాక ప్లగ్గు తీసి చూశాను. లేత కాఫీ రంగు, అంటే మిశ్రమం సరిగ్గా కాలుతోందన్న మాట.

మొన్న రాయగడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నీ గ్రైండర్, బర్‌లు పంపించవా, నా హెడ్డు కూడా గీకుతాను" అన్నాడు. ముందు కిరోసిన్ పోసి చూడమన్నాను. నిలువునా కోసిన ఆ హెడ్డు ముక్కలు రెండూ గుడ్డలో చుట్టి సాయంత్రం బస్సుకి పంపించాను.