భుజాల గీత

2023 అక్టోబర్ 29, ఆదివారం. ప్యారిస్‌లో శనివారం రాత్రి తొమ్మిదికి మొదలైన, న్యూజిలాండ్‌కూ దక్షిణాఫ్రికాకూ మధ్య రగ్బీ ప్రపంచకప్ ఫైనల్ న్యూజిలాండ్‌లో మాకు ఉదయం ఎనిమిదికి వచ్చింది. హామిల్టన్‌లో నేను పనిచేసే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఆ పూట షిఫ్టు నాది. మామూలుగా తొమ్మిదైనా మంచం దిగనివాళ్లు ఏడున్నరకే తయారై, ఓట్స్ జావ గిన్నెలతో టీవీ ముందు కూర్చున్నారు. ఒక పెద్దావిడ నల్ల స్వెట్టరు వెతికి తొడిగేదాకా నన్ను కదలనివ్వలేదు. ఒక తాతగారి ఒళ్లో ఆవు మెడలో కట్టే గంట ఉంది. హామిల్టన్ ఉన్న వైకాటో ప్రాంతం పాడి రైతుల నేల; తమ జట్టు ఆడుతుంటే గంటలు మోగించడం ఇక్కడివాళ్ల అలవాటు.

ఈ దేశం వచ్చిన కొత్తలో రగ్బీ చూసి, కబడ్డీకి బంతి తగిలించారనుకున్నాను. ఆట నేర్పింది ఆ తాతగారే. ఒకప్పుడు శనివారం శనివారం క్లబ్బు మ్యాచ్‌లకు రిఫరీగా ఈల ఊదిన మనిషి. ఉదయం మాత్రలు ఇచ్చేటప్పుడు రోజుకొక నియమం చెప్పేవారు. రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కే ఉంటుందనీ, ఎదుటివాణ్ణి పడగొట్టే పట్టు, అంటే టాకిల్, ఎప్పుడూ భుజాల గీతకు కిందనే ఉండాలనీ ఆయన దగ్గరే విన్నాను.

రిఫరీ వేన్ బార్న్స్ తెర మీద కనబడగానే హాలులో గొణుగుడు మొదలైంది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. 2007 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు అలా విసిరితే చూడకుండా వదిలేసింది ఆయనే. న్యూజిలాండ్ 18-20తో ఓడి ఇంటికొచ్చింది. పదహారేళ్లయినా ఆ పేరు ఇక్కడ ఎవరూ మరవలేదు.

మొదటి నిమిషాల్లోనే మా షానన్ ఫ్రిజెల్‌కు పసుపు కార్డు పడింది, అంటే పది నిమిషాలు బయటే. అరగంట కాకముందే మా కెప్టెన్ సామ్ కేన్ నిటారుగా వెళ్లి దక్షిణాఫ్రికా ఆటగాడు జెస్సీ క్రీల్‌ను ఢీకొన్నాడు. భుజం తలకు తగిలింది. మొదట పసుపు కార్డే. అయితే అలాంటి దెబ్బను మైదానం బయట కూర్చున్న మరో అధికారి ఎనిమిది నిమిషాల లోపల అన్ని కోణాల్లో చూసి, పసుపును ఎరుపు చేయవచ్చు; అప్పుడు ఆటగాడు ఇక మైదానంలోకి రాకూడదు. చేశారు. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో అది మొట్టమొదటి ఎరుపు కార్డు. కేన్ మా హామిల్టన్ జట్టు చీఫ్స్‌కు ఆడినవాడు. కుర్చీలో కూర్చుని తెర వైపు చూస్తున్న అతని ముఖం కనబడినప్పుడు హాలులో ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక్కసారిగా కేకలు లేచాయి. కావాలని కొట్టలేదు కదా అని అందరి మాటా.

నేను వారంలో మూడు రోజులు మతిమరుపు విభాగంలో పని చేస్తాను. అక్కడ ఒకాయన యౌవనంలో క్లబ్బు జట్టులో ముందు వరసలో ఆడారట. కుర్చీలోంచి లేపబోతే తల వంచి, తన భుజాన్ని నా భుజానికి ఆనించి నెడతారు. భార్య పేరు పోయింది; రెండు జట్లు తలలు వంచి, భుజాలు ఆనించి నెట్టుకునే స్క్రమ్ మాత్రం పోలేదు. ఆయన జబ్బుకు ఆటే కారణమని చెప్పడానికి నేను డాక్టరును కాను. కానీ న్యూజిలాండ్ జట్టు ఆల్ బ్లాక్స్‌కు ఆడిన కార్ల్ హేమన్ నలభై దాటీ దాటకముందే డిమెన్షియా వచ్చిందని 2021లో బయటపెట్టాడు. 2003లో ఇంగ్లండ్ తరఫున ప్రపంచకప్ గెలిచిన స్టీవ్ థాంప్సన్‌కు ఆ గెలుపే గుర్తులేదు. ఇవి తెలిసిన తరువాత తలకు తగిలిన దెబ్బను తేలిగ్గా తీసుకోవడం నా వల్ల కాలేదు. కేన్ మంచివాడే. ఆ కార్డు సరైనదే. ఆ రెండూ నిజమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఉద్దేశం సంగతి నాకు ఈ ఉద్యోగమే నేర్పింది. చేరిన మొదటి ఏడాది ఒక ముసలావిడను మంచం మీదికి మార్చాలి. ఇద్దరం పట్టాలన్నది నియమం. తోటి అమ్మాయి పక్క గదిలో ఉంది, ఆవిడ అలసిపోయి ఏడుస్తోంది. జాలేసి ఒంటరిగానే ఎత్తాను. మంచం అంచుకు రాసుకుని ఆవిడ ముంజేతి చర్మం చిరిగింది. పర్యవేక్షకురాలు గట్టిగా మాట్లాడలేదు. "నువ్వు ఏం అనుకున్నావో తరువాత చెప్పమ్మా, ముందు ఏం జరిగిందో రాయి" అన్నది. ఆ కాగితం మీద జాలి అని రాయడానికి గడి లేదు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి అమ్మతో కూడా చెప్పలేదు.

రెండో సగం మొదలైన కాసేపటికి దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసి తల ఆర్డీ సావియా తలకు తగిలింది. ఆ కార్డు పసుపుగానే ఉండిపోయింది. అతను ముందు కాస్త కిందికి వంగాడనీ, దెబ్బలో జోరు తక్కువనీ తాతగారు వివరించబోయారు. ఎవరూ వినలేదు. ఆయన కోపంగా గంట పక్కన పెట్టేశారు.

ఆయనకే కోపం తెచ్చింది మరొకటి. మా ఆరన్ స్మిత్ ట్రై వేశాడు, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు తాకించాడు. అంతకు చాలా ముందు లైనవుట్‌లో, అంటే పక్క గీత దగ్గర్నుంచి బంతిని లోపలికి విసిరినప్పుడు, సావియా చేతిలోంచి బంతి ముందుకు జారిందని వీడియో అధికారి టామ్ ఫోలీ పట్టుకున్నారు. ట్రై రద్దయింది. జారిన మాట నిజమే. కానీ ఒక పట్టుకూ మరో పట్టుకూ నడుమ సాగే ఆటను ఒక దశ అంటారు; అప్పటి నియమాల ప్రకారం అలాంటి తప్పు కోసం రెండు దశలకు మించి వెనక్కి వెళ్లే అధికారం ఆయనకు లేదు. "తప్పు కనబడితే సరిపోదు అమ్మాయీ, అది చూసే హక్కు కూడా ఉండాలి" అన్నారు తాతగారు.

అయినా పద్నాలుగు మందితో ఆడిన ఆ జట్టును చూస్తే గర్వం కలిగింది. విరామానికి 6-12తో వెనకబడి, రెండో సగంలో దక్షిణాఫ్రికాకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. బోడెన్ బారెట్ ట్రైతో 11-12 అయింది. దాని వెంట రిచీ మోఉంగా కొట్టిన కిక్కు తప్పింది. చివర్లో దక్షిణాఫ్రికా ఆటగాడు చెస్లిన్ కోల్బే పసుపు కార్డుతో వెళ్లి చొక్కాలో ముఖం దాచుకున్నాడు. అప్పుడు వచ్చిన పెనాల్టీని జోర్డీ బారెట్ సగం మైదానం దూరం నుంచి కొట్టాడు, అదీ పక్కకు పోయింది. అవతల పీటర్ స్టెఫ్ డు టోయ్ 28 టాకిల్స్ చేశాడు. నన్నడిగితే ఆట పోయింది ఈ చోట్లే.

కొద్ది రోజులకే బార్న్స్ రిటైరయ్యారు. తనకూ కుటుంబానికీ బెదిరింపులు వచ్చాయని చెప్పారు. ఆ డిసెంబరులో ఫోలీ కూడా, ఇలాంటి వేధింపుల వల్లే అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నారు. ఆ వార్త చదివి వినిపించినప్పుడు తాతగారు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

ఆ ఆదివారం టీవీ కట్టేశాక, మతిమరుపు విభాగంలోని ఆ ఆటగాడిని భోజనానికి లేపాలి. సాయం పట్టే అమ్మాయి మరో గదిలో ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆమె వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. తరువాత ఇద్దరం చెరోవైపు నిలబడ్డాం. ఆయన తల వంచి, నా భుజానికి భుజం ఆనించి నెట్టారు.