అమ్మా, నువ్వు రాకు

రాత్రి పదకొండున్నరకి వాన మొదలైంది. అమెరికాలో స్కౌట్ ట్రూపు క్యాంపులకి ఒక నియమం ఉంది: పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే టెంటులో పడుకోకూడదు, కన్నవాళ్లయినా సరే. నాకది కాస్త అతిగానే అనిపించింది. మా అమ్మాయికి పదకొండేళ్లు. నిన్నటిదాకా జడ నేను వేస్తే తప్ప స్కూలుకి కదిలేది కాదు.

మా అమ్మాయివాళ్ల టెంటు పైగుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. తాడు ఊడిందన్నమాట. చీకట్లో చెప్పులు వెతుక్కుంటుంటే పక్క టెంటులోంచి స్కౌట్‌మాస్టర్‌గారి గొంతు: "ఆగండి, వాళ్లకి పాట్రోల్ లీడర్ ఉంది కదా." పాట్రోల్ అంటే ట్రూపులో ఒక చిన్న జట్టు. ఆ లీడరుకి పదమూడేళ్లు. పిల్లలే ఓట్లేసి ఎన్నుకున్నారు.

ఈ పద్ధతి మొదటినుంచీ ఉన్నదే. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్-పవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ దీవిలో సుమారు ఇరవై మంది మగపిల్లలతో క్యాంపు పెట్టినప్పుడే, వాళ్లని చిన్న పాట్రోళ్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక పిల్లాడికే పెత్తనం ఇచ్చాడు. అమెరికాలో ఈ ట్రూపులు ఆడపిల్లల్ని చేర్చుకోవడం మాత్రం 2019 ఫిబ్రవరిలో గానీ మొదలవలేదు.

సరే, ఆగాను. ఆగడమంటే జిప్పు జానెడు తెరిచి చూస్తూ కూర్చోవడం. తలకి కట్టుకునే లైట్లు రెండు వెలిగాయి. ఒకమ్మాయి మేకు పట్టుకుంది. మా పిల్ల తాడుని మేకు చుట్టూ తిప్పి, కొసని వెనక్కి తెచ్చి, బిగువుగా ఉన్న తాడుకి లోపలివైపు రెండు చుట్లు, బయట ఒకటి వేసింది. మొదటిసారి జారిపోయింది. "అమ్మా, నువ్వు రాకు!" అని అరిచింది, నేను చూస్తున్నానని ఎలా తెలిసిందో! రెండోసారి నిలిచింది.

దాని పేరు టాట్-లైన్ హిచ్. చేత్తో తోస్తే కదులుతుంది, గాలి లాగితే పట్టేస్తుంది. పొద్దున్నే అడిగింది, తెలుగులో ఏమంటారని. జారుముడి అన్నాను. "లాగితే జారట్లేదు కదమ్మా?" అంది. నేను తెల్లమొహం వేశాను.

అంతకన్నా ఇబ్బంది పెట్టింది చాకు వ్యవహారం. చాకు, గొడ్డలి, రంపం వాడాలంటే టోటిన్ చిప్ అనే కార్డు సంపాదించాలి. చాకు తెరిచేముందు, మూసిన చాకుతో చెయ్యి చాపి గుండ్రంగా తిరిగి, ఆ మేరలో ఎవరూ లేరని చూసుకోవాలి. మా పిల్ల తిరిగింది. నేను తగిలాను. "నా సర్కిల్‌లో ఉన్నావు, జరుగు." అందరిముందూ. మన ఇళ్లలో పెద్దవాళ్లని "జరుగు" అంటే వీపు మోగుతుంది. నేను జరిగాను. ఇంకా జరగమంది.

గిన్నెలు తోమే వంతూ తనదే: సబ్బు వేడినీళ్ల తొట్టి, జాడించే వేడినీళ్ల తొట్టి, చివర క్రిములు చంపే మందు కలిపిన చన్నీళ్లది. ఇంట్లో తన కంచం సింకులో పడేసి వెళ్లే పిల్ల, అక్కడ అడుగంటిన గిన్నె ఇరవై నిమిషాలు గీకింది. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే, అబద్ధం చెప్పడం ఎందుకు.

తడిసిన టెంటు ఆరెయ్యడానికి గరాజ్‌లో తాడు కట్టాను. మా పిల్ల వచ్చి వేలితో నొక్కి చూసి, నా ముడి విప్పేసి తను మళ్లీ కట్టింది.