డబ్బంతా పార్టీల దగ్గరే

నెలాఖరున మళ్లీ అదే ప్రశ్న: పుస్తకాల్లో లాభముంది, బ్యాంకులో డబ్బేదీ? అరువుకు సరుకు కొన్న పార్టీల (ఖాతాదారుల) దగ్గరే.

బాకీల లిస్టులో మొత్తం కాదు, వయసు (గడువు దాటి ఎన్నాళ్లయిందో) చూడండి: 30 రోజుల్లోపు, 31–60, 61–90, ఆపైన. గడువు తేదీ నుంచే లెక్కేయండి. బిల్లు తేదీ పట్టుకుంటే 45 రోజుల గడువున్న మంచి పార్టీ కూడా మొండి బాకీదారులా కనిపిస్తాడు.

అసలు గందరగోళం ‘ఆన్ అకౌంట్’ జమల్లో. పార్టీ ఏకమొత్తంగా పంపుతాడు, ఏ బిల్లుకో చూడకుండా జమ వేసేస్తారు. కట్టిన బిల్లు బాకీగానే నిలుస్తుంది. ఫోన్ చేసి తిట్లు తినేది పాపం కలెక్షన్ కుర్రాడు. ఎంట్రీ వేసేటప్పుడే బిల్లు నంబరు అడగండి. చెప్పకపోతే అన్నిటికంటే పాతదానికి సర్దండి, తగాదాలో ఉన్న బిల్లు తప్ప.

బాకీలు 12 లక్షలు, గత 90 రోజుల అరువు అమ్మకాలు 18 లక్షలైతే వసూలుకు సుమారు 60 రోజులు (12 ÷ 18 × 90). సరుకిచ్చినవాళ్లకు 30 రోజుల్లో కట్టాలంటే, మధ్యలో నెల భారం మీ ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికి మించి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) మీదే.