నాన్నకు 99 కూడా జ్వరమే

జలుబు మెల్లగా మొదలవుతుంది. ముందు గొంతు గరగర, తర్వాత ముక్కు కారడం, రెండ్రోజులకు దగ్గు. ఫ్లూ అలా కాదు. పొద్దున బాగానే తిరిగిన మనిషికి మధ్యాహ్నానికి ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, 102 జ్వరం, మంచం దిగలేనంత నీరసం. సంక్రాంతి ముందు నాకు వచ్చింది ఇదే. పండక్కి ఇంటినిండా చుట్టాలు, చలికి కిటికీలన్నీ మూసిన ఇల్లు. మూడో రోజుకు నాన్నకూ అంటుకుంది. ఆయనకు 74 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి.

వైరస్ సోకాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఫ్లూ బయటపడుతుంది. మనకు జ్వరం తెలియడానికి ఒకరోజు ముందే పక్కవాళ్లకు పాకడం మొదలవుతుంది. అందుకే నేను వెంటనే వేరే గదిలోకి మారినా లాభం లేకపోయింది. అలాగని మారడం మానకూడదు. జబ్బు మనిషి నుంచి వైరస్ మరో అయిదు నుంచి ఏడు రోజులు, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు వెలువడుతూనే ఉంటుంది. చలైనా సరే గదిలో ఒక కిటికీ తెరిచి ఉంచాలి. అన్నం అందించేవాళ్లూ, జబ్బు మనిషీ ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి.

నాన్న ఒళ్లు కాలలేదు. థర్మామీటర్ 99 దగ్గరే ఆగింది. కానీ రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకున్నారు, సాయంత్రానికి అది ఏ వారమో చెప్పలేకపోయారు. పెద్దవయసులో రోగనిరోధక వ్యవస్థ మందగించడం వల్ల జ్వరం గట్టిగా రాకపోవచ్చు. తిండి తగ్గడం, తికమక, తూలి పడిపోవడం, వీటితోనే ఫ్లూ బయటపడుతుంది. నాన్నకు మామూలుగా ఉండే వేడి 97. మామూలు కంటే రెండు డిగ్రీలు పెరిగితే పెద్దవాళ్లలో అది జ్వరం కిందే లెక్క. అందుకే వాళ్లు బాగున్న రోజుల్లోనే ఒకసారి వేడి చూసి రాసిపెట్టుకోవాలి.

ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం మేలైంది. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకు మామూలు మోతాదు 75 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు. కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గిస్తారు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట ఉండాలి. వికారం పెడుతుంది కాబట్టి ఏదైనా తిన్నాకే వేయాలి. మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ తెచ్చి మింగడం చాలా ఇళ్లలో చూస్తున్నాం. అది బ్యాక్టీరియా మందు, ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయదు. దాన్ని నమ్ముకుని కూర్చుంటే ఆ 48 గంటలూ గడిచిపోతాయి.

పారాసిటమాల్ 650 అయితే ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగుకు మించకూడదు. లివర్ జబ్బు ఉంటే ఎంతో డాక్టరే చెప్పాలి. పొరపాటు జరిగేది జలుబు మాత్రలతో. వాటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది, తెలియకుండా రెట్టింపు పడుతుంది. వాటిలో ముక్కు దిబ్బడకు కలిపే ఫినైలెఫ్రిన్ బీపీని పెంచవచ్చు. అట్ట వెనక చదవకుండా ఒక్క మాత్ర కూడా ఇవ్వొద్దు.

షుగర్ సంగతి మరీ జాగ్రత్త. తిండి తగ్గింది కదా అని ఇన్సులిన్ తీసుకునేవాళ్లు సొంతంగా మానేస్తే ప్రమాదం, ఎందుకంటే జబ్బులో తినకపోయినా షుగర్ పెరుగుతుంది. డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు మాత్రం సరిగా తినని రోజుల్లో రక్తంలో ఆమ్లం పెరిగేలా చేయగలవు. నాన్న వాడేది అదే. తిండి కుదుటపడే దాకా డాక్టర్ ఆపమన్నారు. రోజుకు నాలుగుసార్లు షుగర్ చూశాం. గంటకోసారి కొంచెం కొంచెంగా పల్చటి మజ్జిగ, జావ, ఓఆర్‌ఎస్ పట్టించాం. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే రోజుకు ఎన్ని నీళ్లో డాక్టర్ని అడగాలి.

ఆవిరి పడితే ముక్కుకు హాయి, అంతే. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పి పెద్దవాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టొద్దు. చేయి వణికి గిన్నె ఒళ్లో పడితే ఫ్లూ కంటే పెద్ద కష్టం.

ఆక్సీమీటర్‌ను చల్లటి వేలికి పెడితే తప్పు చూపిస్తుంది. చేతులు రుద్ది వెచ్చబరిచి, అంకె ఒక నిమిషం నిలకడగా ఉన్నాకే నమ్మాలి. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, కూర్చున్నచోటే ఆయాసపడినా, గుండెలో నొప్పి వచ్చినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఫ్లూ తర్వాత మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఎక్కువ. ఇంకో గుర్తు చాలామంది వదిలేస్తారు. తగ్గిన జ్వరం అయిదారు రోజులకు మళ్లీ వచ్చి, పచ్చటి కఫం పడితే అది ఊపిరితిత్తుల్లో న్యుమోనియా కావచ్చు.

నాన్నకు తికమక మూడో రోజున తగ్గింది. దగ్గు మూడు వారాలు ఉంది, మెట్లెక్కే ఓపిక రావడానికి నెల పట్టింది. బాగా కోలుకున్నాక ఇద్దరం ఫ్లూ టీకా వేయించుకున్నాం. ఒకసారి ఫ్లూ వచ్చినా మిగతా రకాలు మళ్లీ రావచ్చు. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, వైరస్ మారుతుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. ఈసారి పండక్కి చుట్టాలు దిగేదాకా ఆగం, దీపావళి దాటగానే వేయిస్తాం. అప్పుడే న్యుమోనియా టీకా సంగతి కూడా అడుగుతాం.